కిలోమీటరు దూరానికి కాళ్ళా, చక్రాలా?

రంగారెడ్డి జిల్లా చిల్కూరు బాలాజీ గుడిలో మొక్కు చెప్పుకోవాలంటే 11 ప్రదక్షిణలు చెయ్యాలి. కోరిక తీరితే మళ్ళీ వచ్చి 108 చెయ్యాలి. మొక్కు తీర్చుకునేవాళ్ళ చేతిలో 1 నుంచి 108 దాకా అంకెలు అచ్చేసిన కార్డు, పెన్ను కనిపిస్తాయి. చుట్టు పూర్తయినప్పుడల్లా ఒక అంకె కొట్టేస్తారు. ఒక్కో చుట్టు 60 మీటర్లు అనుకున్నా 108 చుట్లకు దాదాపు ఆరున్నర కిలోమీటర్లు అవుతుంది. అడుగుల్లో తొమ్మిది వేలకు పైనే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, వీసా కోసం మొక్కుకున్న విద్యార్థులు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కూడా చెప్పుల్లేకుండా ఇంత దూరం నడిచేస్తారు. వీళ్ళలో చాలామంది ఇంటి దగ్గర వీధి చివరి కిరాణా దుకాణానికి వెళ్ళాలంటే బండి తాళం వెతుక్కునేవాళ్ళే. చిల్కూరు వచ్చాక కూడా కారును గుడికి ఎంత దగ్గరగా ఆపుకోవచ్చా అని చూసేవాళ్ళే.

దీన్ని బద్ధకం అనేస్తే పని తేలికే. కానీ బద్ధకస్తులైతే ఆరున్నర కిలోమీటర్లు ఎలా నడిచారు? భక్తి నడిపించిందంటే సగం జవాబు మాత్రమే వస్తుంది. మిగతా సగం దొరకాలంటే ఈ చిన్న ఎంపికను విడదీసి చూడాలి. కిలోమీటరు, రెండు కిలోమీటర్ల పనికి నడవడమా, బండి తియ్యడమా? శక్తి, ఇంజను, తిండి, ఒళ్ళు, సమయం, దారి అనే ఆరు లెక్కలున్నాయి ఇందులో. అవన్నీ ఒకే వైపు మొగ్గవు.

నడకకు అయ్యే ఖర్చు

నడిచేటప్పుడు ఒక పాదం నేల మీద ఆనగానే ఒళ్ళంతా ఆ కాలి మీదుగా కొద్దిగా పైకి లేచి ముందుకు వాలుతుంది. గోడ గడియారంలోని లోలకాన్ని తలకిందులుగా నిలబెట్టి ఊపినట్టు ఉంటుంది ఆ కదలిక. లేచేటప్పుడు వేగం తగ్గి ఎత్తు పెరుగుతుంది, వాలేటప్పుడు ఆ ఎత్తే తిరిగి వేగమవుతుంది. ఇటలీ శరీరధర్మ శాస్త్రవేత్త జొవాన్ని కవాన్యా, ఆయన సహచరులు 1960, 70 దశకాల్లో దీన్ని కొలిచారు. ప్రతి అడుగులోనూ యాంత్రిక శక్తిలో 60 నుంచి 70 శాతం దాకా ఇలా చేతులు మారి మళ్ళీ పనికొస్తుందని తేల్చారు. కండరాలు పూడ్చాల్సింది మిగిలిన భాగాన్నే.

ఈ పొదుపు అన్ని వేగాల్లోనూ ఒకేలా ఉండదు. మరీ నెమ్మదిగా నడిచినా, మరీ వడిగా నడిచినా కిలోమీటరుకు ఖర్చు పెరుగుతుంది. గంటకు నాలుగున్నర, అయిదు కిలోమీటర్ల దగ్గర అది అన్నిటికన్నా తక్కువ. ఎవరూ నేర్పకపోయినా మనుషులు మామూలుగా నడిచే వేగం ఇదే. గంటకు ఏడు కిలోమీటర్లు దాటితే నడకకన్నా పరుగే చవక, అందుకే కాళ్ళు వాటంతటవే పరుగందుకుంటాయి.

60 కిలోల మనిషి కిలోమీటరు నడిస్తే, ఊరికే కూర్చున్నా అయ్యే ఖర్చును తీసెయ్యగా, అదనంగా పోయేది సుమారు 30 కిలోక్యాలరీలు. లీటరు పెట్రోలులో దాదాపు 7,700 కిలోక్యాలరీల శక్తి ఉంటుంది. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే స్కూటర్ కిలోమీటరుకు 170 తాగుతుంది. 15 ఇచ్చే కారు 510 తాగుతుంది. అంటే స్కూటర్‌కు నడక కన్నా దాదాపు ఆరు రెట్లు, కారుకు పదిహేడు రెట్లు.

కారు అంత ఎందుకు తాగుతుందో దాని బరువే చెబుతుంది. పెట్రోలు శక్తిలో చక్రాల దాకా చేరేది సుమారు అయిదో వంతు. మిగతాది వేడిగా పోతుంది. ఆ అయిదో వంతు కూడా వెయ్యి కిలోల ఇనుమునూ 60 కిలోల మనిషినీ కలిపి లాగాలి. మనిషి వాటా లెక్కగడితే బంకులో పోయించుకున్న పెట్రోలులో నూటికి ఒక వంతు మాత్రమే మనల్ని కదిలించింది. మిగిలిన తొంభై తొమ్మిది వంతులూ బండి తనను తాను మోసుకోవడానికీ గాలిని వేడెక్కించడానికీ ఖర్చయ్యాయి.

ఇక్కడితో ఆపేస్తే నడక గెలిచినట్టే. కానీ బ్యాటరీ స్కూటర్‌ను కూడా తూకం వెయ్యాలి. అది కిలోమీటరుకు సుమారు 30 వాట్-అవర్లు వాడుతుంది. కిలోక్యాలరీల్లో చెబితే 26. నడిచే మనిషికన్నా ఒక పిసరు తక్కువే! కరెంటు పుట్టించే దగ్గర బొగ్గు వేడిలో మూడింట రెండు వంతులు పోతుంది కాబట్టి అసలు లెక్క ఇంకా పెద్దది, నిజమే. అయినా యంత్రాలన్నీ శక్తిని తగలేస్తాయనే మాట ఇక చెల్లదు. ఇక సైకిలుకు సాటి ఏదీ లేదు. ఆక్స్‌ఫర్డ్ ఇంజనీరు ఎస్.ఎస్. విల్సన్ 1973లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో జంతువులనూ యంత్రాలనూ ఒకే పట్టికలో పెట్టి, బరువును దూరం మొయ్యడంలో సైకిలు మీది మనిషే అందరికన్నా పొదుపరి అని చూపించాడు. నడిచే మనిషి ఖర్చులో సైకిలుకు పడేది మూడో వంతో, నాలుగో వంతో.

వేడెక్కని ఇంజను

లీటరుకు 15, లీటరుకు 45 అని పైన వేసుకున్న లెక్క వేడెక్కిన ఇంజనుది. చిన్న దూరాల్లో ఇంజను వేడెక్కదు, ఇబ్బంది అక్కడే.

పొద్దున స్టార్ట్ చేసిన కారు ఇంజను చల్లగా ఉంటుంది. చల్లని గోడల మీద పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. అందుకే మొదటి నిమిషాల్లో బండిలోని కంప్యూటర్ కావాలనే ఎక్కువ పెట్రోలు చిమ్మిస్తుంది. చిక్కగా ఉన్న ఆయిల్ రాపిడిని పెంచుతుంది. ఇంజను తన మామూలు వేడికి, అంటే 90 డిగ్రీల దరిదాపులకు, చేరేసరికి కొన్ని కిలోమీటర్లు గడుస్తాయి. మన ఎండాకాలంలో ఈ నష్టం యూరప్ చలికాలంలో ఉన్నంత ఉండదు. అయినా కిరాణా దుకాణం ఈలోపే వచ్చేస్తుంది.

పొగ సంగతి ఇంకా తీవ్రం. సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ విషవాయువులను విరగ్గొట్టాలంటే అది 250, 300 డిగ్రీల వేడికి చేరాలి. అప్పటిదాకా కార్బన్ మోనాక్సైడ్, సగం కాలిన పెట్రోలు ఆవిర్లు దాదాపు అలాగే బయటికి వస్తాయి. చిన్న ప్రయాణం మొత్తం వదిలే విషంలో ఎక్కువ భాగం మొదటి ఒకటి రెండు నిమిషాల్లోనే, అంటే మన గల్లీలో మన ఇంటి ముందే, వదిలేస్తాం.

బండికీ ఇది మేలు చెయ్యదు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్ళు ఆవిరిగా పుడతాయి. ఇంజను వేడిగా ఉంటే ఆ ఆవిరి బయటికి పోతుంది. చల్లగా ఉంటే అందులో కొంత నీరై ఆయిల్‌లో కలుస్తుంది, సైలెన్సర్‌లో నిలుస్తుంది. రోజూ కిలోమీటరే తిరిగే కారు తక్కువ అరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి జరిగేది దానికి విరుద్ధం: ఆయిల్ త్వరగా చెడుతుంది, సైలెన్సర్ తుప్పు పడుతుంది, స్టార్టింగ్‌కు వాడిన ఛార్జి బ్యాటరీలోకి తిరిగి చేరదు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 నిబంధనల డీజిల్ కార్లలో పొగమసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. పట్టిన మసిని కాల్చెయ్యాలంటే అది 550, 600 డిగ్రీలకు వేడెక్కాలి, బండి కొంతసేపు ఆగకుండా హైవే మీద పరిగెత్తాలి. ఊళ్ళోనే తిరిగే డీజిల్ కారులో ఆ అవకాశం రాక ఫిల్టర్ పూడిపోయి, డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. షోరూమ్‌లో ఈ సంగతి చెప్పేవాళ్ళు తక్కువ.

మనిషి నడకకు బాగా అమరిన దూరం, ఇంజను తన పని అధ్వాన్నంగా చేసే దూరం రెండూ ఒకటే: ఇంటి నుంచి రెండు కిలోమీటర్ల లోపు.

పళ్ళెంలో లెక్క

2007లో క్రిస్ గుడాల్ అనే బ్రిటిష్ రచయిత ఒక పేచీ పెట్టాడు. మూడు మైళ్ళు కారులో వెళ్తే 0.9 కిలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అదే దూరం నడిస్తే 180 క్యాలరీలు ఖర్చు. వాటిని 100 గ్రాముల గొడ్డుమాంసంతో పూడ్చుకుంటే ఆ మాంసం వెనక ఉన్న ఉద్గారం 3.6 కిలోలు. అంటే నడక కారుకన్నా నాలుగు రెట్లు మురికి! కారు నడపమని ఆయన చెప్పలేదు, తిండి గురించి ఆలోచించమన్నాడు. అయినా శీర్షికలు మాత్రం నడకనే తిట్టాయి. మనుషులు గొడ్డుమాంసం ఒక్కటే తిని బతకరు కదా అని అమెరికాలోని పసిఫిక్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు మరుసటి ఏడాది లెక్క తిరగరాశారు.

మనం మన కంచం పెట్టి చూద్దాం. చిల్కూరులో ఒకరు కిలోమీటరు దూరంలోని దుకాణానికి నడిచి వెళ్ళి వచ్చారనుకుందాం. అదనపు ఖర్చు 60 కిలోక్యాలరీలు. దాన్ని అన్నంతో పూడ్చుకుంటే 17 గ్రాముల బియ్యం చాలు. నీళ్ళు నిలిచిన వరి మడిలో గాలి ఆడక సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి కాబట్టి ధాన్యాలన్నిటిలో వరి భారం ఎక్కువ. ప్రపంచ సగటున కిలో బియ్యానికి సుమారు నాలుగున్నర కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారం. 17 గ్రాములకు 76 గ్రాములు. ఇదే దూరానికి కారు 300 గ్రాములు, స్కూటర్ 100 గ్రాములు వదులుతాయి. స్కూటర్ మీద ఇద్దరు వెళ్తే మనిషికి 50. బ్యాటరీ స్కూటర్‌కు మన గ్రిడ్ కరెంటు లెక్కన 43.

ఇబ్బందికరమైన అంకెలే ఇవి. అన్నం తిని నడిచే మనిషికన్నా స్కూటర్ మీద డబుల్స్ వెళ్ళే జంట తక్కువ కర్బనం వదులుతోంది! అయితే రెండు సవరణలున్నాయి. చిల్కూరుకు దగ్గర్లోని చేవెళ్ళ చుట్టుపక్కల పాతకాలం తిండి జొన్న రొట్టె. వర్షాధారపు మెట్ట చేలో నీళ్ళు నిలవవు, మీథేన్ పుట్టదు. 60 క్యాలరీలంటే ఒక రొట్టెలో మూడో వంతు. నడక ఖర్చు రొట్టెతో తీర్చుకుంటే లెక్క సగానికన్నా బాగా దిగిపోతుంది.

రెండోది ఇంకా ముఖ్యం. నడిచిన ప్రతి క్యాలరీకీ మనం అదనంగా తింటామన్న ఊహే సందేహాస్పదం. హెర్మన్ పాంట్జర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త బృందం టాంజానియాలో వేట, సేకరణల మీద బతికే హాడ్జా ప్రజలు రోజుకు ఎంత శక్తి ఖర్చు చేస్తారో కొలిచి 2012లో ప్రచురించింది. రోజంతా నడిచే హాడ్జాలకూ, కుర్చీల్లో కూర్చునే పాశ్చాత్యులకూ, శరీర పరిమాణాన్ని సవరించి చూస్తే, మొత్తం ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా లేదు. నడకకు అయిన ఖర్చును ఒళ్ళు మరో పద్దులో తగ్గించుకుంటుందని పాంట్జర్ వాదన. ఈ వాదన మీద చర్చ ముగియలేదు. కానీ దీని నుంచి మనకు దక్కే పాఠాలు రెండు: చిన్న నడకలకు తిండి అంతకంతా పెరగదు, చిన్న నడకలతో బరువు కూడా ఇట్టే తగ్గిపోదు.

కాబట్టి తీర్పు ఇలా చెప్పుకోవాలి. ఒక్కరి కోసం కారు తియ్యడం ఏ లెక్కలోనూ నిలబడదు. స్కూటర్‌కూ నడకకూ మధ్య కర్బనం తేడా కొన్ని పదుల గ్రాములు. అంతమాత్రానికి వాతావరణం పేరు చెప్పి స్కూటర్ మనిషిని దోషిని చెయ్యనక్కర్లేదు. నడవడానికి అసలు కారణం వేరే చోట ఉంది.

ఒంటికి దక్కేది

1953లో జెర్రీ మోరిస్ అనే బ్రిటిష్ వైద్యుడు లండన్ బస్సు సిబ్బంది మీద చేసిన అధ్యయనం లాన్సెట్‌లో వచ్చింది. డ్రైవరు, కండక్టరు ఇద్దరూ ఒకే బస్సులో, ఒకే పొగలో, ఒకే తరగతి జీతంతో పనిచేస్తారు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు డబుల్ డెక్కర్‌లో రోజుకు వందల మెట్లు ఎక్కి దిగుతాడు. గుండె జబ్బు డ్రైవర్లలో ఎక్కువగా, కండక్టర్లలో తక్కువగా కనిపించింది. వ్యాయామానికీ గుండెకూ ఉన్న సంబంధాన్ని ఆధునిక వైద్యం లెక్కల్లో చూడడం అక్కడి నుంచే మొదలైంది. గమనించాల్సింది ఏమిటంటే ఆ కండక్టర్లలో ఎవరూ వ్యాయామం చెయ్యలేదు. టికెట్లు కొట్టారంతే. రోజు పనిలో కలిసిపోయిన కదలిక అది.

మన దేశానికి ఈ సంగతి మరీ దగ్గరిది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ సర్వే 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. భోంచేశాక రక్తంలో చక్కెర పెరుగుతుంది. దాన్ని కండరాల్లోకి పంపడానికి ఇన్సులిన్ కావాలి, మధుమేహులకు సరిగ్గా పనిచెయ్యనిది అదే. కానీ ముడుచుకుంటూ సాగుతూ పనిచేసే కండరం తన గోడ మీది చక్కెర ద్వారాలను ఇన్సులిన్ పిలుపు లేకుండానే తెరుచుకుంటుంది. కాళ్ళ కండరాలు ఒంట్లో అన్నిటికన్నా పెద్దవి. రాత్రి అన్నం తిన్నాక పాల ప్యాకెట్ కోసం చేసే పదిహేను నిమిషాల నడక విలువ అక్కడుంది. చక్కెర అదుపు తప్పే ప్రమాదమున్న పెద్దవాళ్ళ మీద 2013లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో మూడు పూటల భోజనం తర్వాతా పదిహేనేసి నిమిషాలు నడిస్తే రోజంతటి చక్కెర మెరుగైంది. ముఖ్యంగా రాత్రి భోజనం తర్వాత దక్కిన ఫలితం, ఒకేసారి 45 నిమిషాలు నడిచినదానికన్నా బాగుంది.

ఎంత నడవాలి? పది వేల అడుగులన్న అంకె వైద్యుల దగ్గర పుట్టలేదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు దాన్ని ప్రచారం చేసింది. ఈ మధ్య అధ్యయనాలు లాభంలో పెద్ద భాగం ఏడెనిమిది వేల అడుగులలోపే దక్కుతుందని చెబుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నిమిషాలు కాస్త వడిగా కదలమంటోంది. రోజుకు ఒక కిలోమీటరు పని, రానూపోనూ నడిస్తే, వారానికి అది తీరిపోయి ఇంకా మిగులుతుంది.

రోడ్డు పక్కన నడిస్తే దుమ్మూ పొగా పీల్చమా అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. హైదరాబాద్ దగ్గర, రంగారెడ్డి జిల్లాలోనే, 28 ఊళ్ళలో జాతీయ పోషకాహార సంస్థ, విదేశీ పరిశోధకులు కలిసి చేసిన ఛాయ్ అధ్యయనంలో గాలిలో సన్నని ధూళి సగటున ఘనపు మీటరుకు 33 మైక్రోగ్రాములు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 5. పల్లె గాలి శుభ్రమన్న నమ్మకం చెదిరిపోయే అంకె ఇది. అయినా 2016లో మార్కో తైనియో అనే పరిశోధకుడి బృందం వేసిన అంచనా ఊరటనిస్తుంది. ధూళి 100 మైక్రోగ్రాములున్న నగరంలో కూడా రోజుకు గంటన్నర సైకిలు తొక్కేదాకా, గంటల తరబడి నడిచేదాకా, కదలిక లాభమే ధూళి నష్టానికన్నా ఎక్కువగా ఉంటుంది. అరగంట నడకకు సందేహమే అక్కర్లేదు.

గడియారం, జేబు

నడవనివాళ్ళు చెప్పే కారణం ఎప్పుడూ ఒకటే: టైం లేదు. దాన్నీ కొలుద్దాం. కిలోమీటరు నడకకు 12 నిమిషాలు. స్కూటర్ గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తే రెండున్నర నిమిషాలే. కానీ తాళం, హెల్మెట్, గేటు, బండి తిప్పుకోవడం, అక్కడ ఆపడానికి చోటు వెతకడం కలిపితే మరో మూడు నిమిషాలు. మిగిలేది ఆరున్నర నిమిషాలు. దూరం 300 మీటర్లయితే మిగిలేది సున్నా.

డబ్బును కూడా సమయంగా మార్చి చూడమన్నాడు ఇవాన్ ఇలిచ్ అనే ఆలోచనాపరుడు. సగటు అమెరికన్ మగవాడు కారు నడపడానికీ, దాని ఖర్చులకు సంపాదించడానికీ ఏడాదికి 1,600 గంటలు పెట్టి 7,500 మైళ్ళు తిరుగుతున్నాడని, అంటే గంటకు అయిదు మైళ్ళు కూడా లేదని 1974లో ఆయన లెక్క తేల్చాడు. లక్ష రూపాయల స్కూటర్ పదేళ్ళలో 40 వేల కిలోమీటర్లు తిరిగిందనుకుందాం. కొన్న ధర, పెట్రోలు, ఇన్సూరెన్స్, సర్వీసింగ్ అన్నీ కలిపితే కిలోమీటరుకు ఆరు రూపాయలకు తగ్గదు. రోజుకు 600 సంపాదించే మనిషికి ఆరు రూపాయలంటే దాదాపు అయిదు నిమిషాల కష్టం. బండి మీద గడిపే అయిదున్నర నిమిషాలు దీనికి కలిపితే, 12 నిమిషాల నడకతో తేడా ఒకటిన్నర నిమిషమే.

ఈ వాదనలో ఒక మెలిక ఉంది. బండి ఎలాగూ కొనేశాం. ఇవాళ తీసినా తియ్యకపోయినా ఆ లక్ష తిరిగి రాదు. ఇవాళ్టి ఖర్చు పెట్రోలు రెండున్నర రూపాయలే. అందుకే బండి ఇంట్లో ఉన్నవాళ్ళు నడవరు. నడక ఓడిపోయేది కిరాణాకు బయల్దేరినప్పుడు కాదు, బండి కొన్నప్పుడే ఓడిపోయింది.

దారి తేల్చే సంగతి

ఇన్ని లెక్కలు నడక వైపు మొగ్గినా జనం బండే తీస్తున్నారంటే, లెక్కలో పడనిది ఏదో ఉంది. హైదరాబాద్-బీజాపూర్ రోడ్డు మీద బస్సు దిగితే అది కనిపిస్తుంది. మొయినాబాద్ నుంచి చేవెళ్ళ దాకా హైవే నుంచి ఊళ్ళోకి దారి చీలే చోటుని ఇక్కడ గేట్ అంటారు: ఫలానా ఊరి గేట్. గేట్ దగ్గర దిగి ఊళ్ళోకి కిలోమీటరో రెండో. మనం మాట్లాడుకుంటున్న దూరం సరిగ్గా ఇదే. వెనకటి తరం నడిచింది. ఇప్పుడు ఆటో కోసమో, లిఫ్టు ఇచ్చే బండి కోసమో నిలబడుతున్నారు. నిలబడ్డవాళ్ళను తప్పుపట్టలేం. ఫుట్‌పాత్ లేదు, సాయంత్రమైతే వెలుతురు లేదు, టిప్పర్లు ఒంటిని రాసుకుంటూ పోతాయి. 2025 నవంబరు 3న ఇదే హైవే మీద మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొట్టి 19 మంది ప్రాణాలు పోయాయి. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32 వేల పైచిలుకు పాదచారులు. నడవడం గుండెకు మంచిది, నడిచే దారి ప్రాణానికి మంచిది కాకపోతే ఆ మంచికి అర్థం లేదు.

ఎండ మరో సంగతి. నడిచే ఒళ్ళు తనంతట తానే సుమారు 250 వాట్ల వేడి పుట్టిస్తుంది. నడినెత్తి సూర్యుడు దానికి మరో వంద, నూటయాభై వాట్లు చేరుస్తాడు. నీడలో గాలి ఉష్ణోగ్రత పెద్దగా తగ్గదు, కానీ సూర్యుడు నేరుగా మోపే ఆ భారం తీరిపోతుంది. అందుకే నీడ చల్లన. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల బీజాపూర్ రోడ్డు పొడవునా ఉన్న దాదాపు 900 మర్రిచెట్లు చేసిన పని ఇదే. నాలుగు వరసల విస్తరణలో ఈ మర్రులను కాపాడాలన్న పోరాటం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళి ఏళ్ళ తరబడి నడిచింది. రోడ్డు వెడల్పవ్వాల్సిందే, ప్రాణాలు నిలవాలి. అయితే ఈ వాదంలో వాహనాల లెక్క వచ్చింది, చెట్ల లెక్క వచ్చింది, గేట్ దగ్గర దిగి నడిచే మనుషుల లెక్క మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు.

ఇప్పుడు ప్రదక్షిణ దారిని ఈ రోడ్డు పక్కన పెట్టి చూడండి. అక్కడ వాహనం రాదు. నేల చదునుగా ఉంటుంది. ముందూ వెనకా మనుషులు ఉంటారు, అందరూ ఒకే వైపు కదులుతారు. ఎంత నడిచారో, ఇంకెంత ఉందో చేతిలోని కార్డు చెబుతుంది. ముసలివాళ్ళు నెమ్మదిగా నడిస్తే ఎవరూ హారన్ కొట్టరు. మొక్కు మనిషిని అక్కడికి రప్పిస్తే, దారి ఆరున్నర కిలోమీటర్లు నడిపిస్తోంది. అదే మనిషి అదే కాళ్ళతో తన కాలనీలో అయిదువందల మీటర్లు నడవడం లేదంటే, తేడా మనిషిలో కాదు, దారిలో ఉంది.

బస్సును కూడా నడకలో భాగంగా చూడాలి. అమెరికాలో 2005లో వచ్చిన ఒక విశ్లేషణలో ప్రజారవాణా వాడేవాళ్ళు స్టాపుకు వెళ్ళి రావడానికే రోజుకు 19 నిమిషాలు నడుస్తున్నారని తేలింది. మెహదీపట్నం నుంచి చిల్కూరుకు ఆర్టీసీ బస్సు ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. బస్సు టికెట్ లేకుండా చేసిన ప్రభుత్వం, స్టేజీ నుంచి ఇంటి దాకా దారి కూడా వేస్తే ఆ పథకం పూర్తవుతుంది.

ఏది ఎప్పుడు

కిలోమీటరులోపు పని, చేతిలో పెద్ద బరువు లేదు, మిట్టమధ్యాహ్నం కాదు, దారి ప్రాణం తీసేది కాదు: నడవండి. రెండు మూడు కిలోమీటర్లయితే సైకిలు. పసిపిల్లలు, నడవలేని పెద్దలు, గ్యాస్ సిలిండరు, చీకటి పడ్డాక టిప్పర్ల రోడ్డు: బండి తియ్యండి, అందులో తప్పేమీ లేదు. తియ్యక తప్పకపోతే కారుకన్నా స్కూటర్, ఒక్కరికన్నా ఇద్దరు, మూడు పనులకు మూడుసార్లుకన్నా అన్నిటికీ కలిపి ఒకసారి. డీజిల్ కారును పాల ప్యాకెట్ కోసం మాత్రం ఎప్పుడూ తియ్యకండి.

ఇది మీ చేతిలో ఉన్న సగం. మిగతా సగం గ్రామసభలోనూ కాలనీ సంఘంలోనూ ఉంది. ఊరి గేట్ నుంచి బడి దాకా, అంగడి దాకా మనిషి నడవగలిగే గట్టు, దాని పొడవునా నాలుగు చెట్లు, నాలుగు లైట్లు కావాలని అక్కడ అడగండి. రోడ్డు ఎస్టిమేటులో ఆ గట్టు పద్దు లేకపోతే ఎందుకు లేదని లిఖితంగా ప్రశ్నించండి.